ఉపగ్రహం పైనే ఉంది... పాటే ఆగిపోయింది!

డబ్బు కట్టి మరీ విన్న రేడియో అది. మధ్యలో ప్రకటనల గోల లేదు, గరగర లేదు. త్యాగరాజ కీర్తనలకో చానల్, తెలుగు సినిమా పాటకో చానల్... శ్రోతల్లో ఎక్కువమంది మనదేశం వాళ్లే. అయినా సరే, అమెరికాలో కంపెనీ లెక్క తప్పేసరికి ఇక్కడ పాట ఆగిపోయింది. అదే వరల్డ్‌స్పేస్ కథ.

2009 డిసెంబరు నెలాఖరు. వరల్డ్‌స్పేస్ చందాదారులకు ఓ ఈ-మెయిల్ వచ్చింది. కొత్త సంవత్సరం శుభాకాంక్షలేమో అనుకుని తెరిచినవాళ్లకు లోపల కనిపించినవి మూడే ముక్కలు. మాతృసంస్థ 2008 అక్టోబరు నుంచీ దివాలా చట్టం నీడలో ఉంది. దాని ఆస్తుల్ని కొందామనుకుంటున్న సంస్థ భారతదేశంలోని చందా వ్యాపారం మాత్రం తనకు వద్దంది. కాబట్టి డిసెంబరు 31తో ప్రసారాలు ఆఖరు!

చానళ్లు మూతపడటం కొత్తేమీ కాదు. చూసేవాళ్లు లేక, వినేవాళ్లు లేక కనుమరుగైనవి బోలెడు. ఇక్కడి విచిత్రం వేరు. దివాలా తీసేనాటికి ఆ కంపెనీకి ప్రపంచం మొత్తమ్మీద ఉన్న చందాదారులు సుమారు 1,70,000 మంది. అందులో సింహభాగం భారతీయులే. అంటే పంట ఎక్కడ పండుతోందో ఆ చేనే వద్దన్నారన్నమాట!

ఆగ్నేయం కిటికీలో...

ఈతరం పిల్లలకు ఆ రేడియో ఎలా ఉండేదో చెప్పాలి. చూడ్డానికి మామూలు ట్రాన్సిస్టర్‌లాంటిదే. దానికో చిన్న పలక ఉండేది, పుస్తకం అట్టంత. అదే యాంటెన్నా. దాన్ని ఏ దిక్కుకు తిప్పినా పనిచేసేది కాదు. భూమధ్యరేఖ మీద, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండే ఏషియాస్టార్ అనే ఉపగ్రహాన్ని అది నేరుగా ‘చూడాలి’. హైదరాబాద్ నుంచి లెక్కేస్తే అది ఆగ్నేయం దిక్కు. వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లో ఆ మూల ఉండేది వంటిల్లు కాబట్టి, కాఫీ కాచుకుంటూ కీర్తన వినాలనుకునేవారికి ఇబ్బందే లేదు! చిక్కల్లా పడమటి ముఖం ఫ్లాట్లవాళ్లకే. వాళ్లు యాంటెన్నాను మేడమీద పెట్టి వైరు లాక్కోవాల్సి వచ్చేది. అడ్డంగా ఎదురింటివాళ్లు ఇంకో అంతస్తు లేపారా... అంతే సంగతులు.

ఒకసారి దిశ కుదిరిందంటే మాత్రం లోకం మారిపోయేది. నలభైకి పైగా చానళ్లు. తెలుగుకు ‘స్పందన’. కర్ణాటక సంగీతానికి ‘శ్రుతి’, హిందుస్థానీకి ‘గంధర్వ్’. పాత హిందీ పాటలకు ‘ఫరిష్తా’, కొత్తవాటికి ‘ఝంకార్’. కన్నడిగులకు ‘స్పర్శ’. ఇవి కాక పాశ్చాత్య సంగీతం, విదేశీ వార్తలు. ఊళ్లు మారినా చానల్ మారదు. హైదరాబాద్‌లో విన్నదే ఆదిలాబాద్‌లోనూ అంతే స్పష్టంగా వినిపించేది.

అప్పట్లో మిగతా రేడియో పరిస్థితేమిటో గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్.ఎం.ల సందడి మొదలైంది 2006లో. వాటిలో మారుమోగేవి ఎక్కువగా ఆ వారం హిట్ పాటలే. శాస్త్రీయ సంగీతం కావాలంటే ఆకాశవాణి ఏ వేళకు వేస్తే ఆ వేళకు కాచుకుని కూర్చోవాలి. అలాంటి రోజుల్లో, రోజంతా కర్ణాటక సంగీతమే వినిపించే చానలంటే... సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంటికి అది ఇంటికొచ్చే గురువుతో సమానం. కాసెట్ల షాపులో అడిగినా దొరకని కచేరీలు ఇంట్లోనే వినపడుతుంటే చందా డబ్బు ఓ లెక్కా అనుకున్నవాళ్లు చాలామందే.

ఎయిడ్స్ వార్తతో మొదలు

దీని వెనకున్న మనిషి నోవా సమారా. ఇథియోపియాలో పుట్టి, అమెరికాలో న్యాయశాస్త్రం చదువుకున్నాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ ఎలా సోకుతుందో జనానికి చెప్పే సాధనమే లేకపోతోందన్న కథనం చదివాక ఈ ఆలోచన తట్టిందని ఆయన చెప్పుకునేవాడు. రోడ్డు, కరెంటు లేని పల్లెకు కూడా ఆకాశం ఉంటుంది కదా, అక్కణ్నుంచే రేడియో దించితే? 1990లో కంపెనీ పెట్టాడు. 1992లో స్పెయిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఇలాంటి డిజిటల్ రేడియో కోసం ప్రత్యేకంగా తరంగాలు కేటాయించారు. 1998 అక్టోబరులో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్, 2000 మార్చిలో మనవైపు ఏషియాస్టార్ కక్ష్యలోకి వెళ్లాయి. రెండింటినీ మోసుకెళ్లింది ఏరియాన్ రాకెట్లే. అమెరికా ఖండం కోసం అనుకున్న మూడోది మాత్రం నేల విడవలేదు.

పేదవాడి కోసమన్న కల పేదవాడి దగ్గరకు చేరలేదు. మొదట్లో వచ్చిన సెట్ల ఖరీదు వందల డాలర్లలో ఉండేది. ఆఫ్రికా పల్లెలో అంత పెట్టి రేడియో కొనేదెవరు? దాంతో కంపెనీ చూపు మెల్లగా మధ్యతరగతి మీదకు, చందా మీదకు మళ్లింది. ఆ లెక్కన భారతదేశాన్ని మించిన సంత ఇంకేముంది! ఉద్యోగాలు పెరుగుతున్నాయి, పాటంటే ప్రాణమిచ్చే జనం, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో భాష. బెంగళూరు కేంద్రంగా భారతీయ కంపెనీ నడిచింది. ఏ.ఆర్.రెహమాన్ ప్రచారకర్తయ్యాడు, సంస్థకు సిగ్నేచర్ ట్యూన్ కూడా కట్టాడు.

అమెరికా స్టాక్‌మార్కెట్‌కూ కథ నచ్చింది. 2005 ఆగస్టులో నాస్‌డాక్‌లో వాటా ఒక్కోటి 21 డాలర్ల చొప్పున అమ్మారు. అక్కడి ఉపగ్రహ రేడియో సంస్థ ఎక్స్ఎం కూడా రెండున్నర కోట్ల డాలర్లు పెట్టింది. ‘అమెరికాలో ఎక్స్ఎం ఎలాగో ఆసియాలో ఇదలాగ’ అన్నది ఆనాటి ఆశ.

కారులో రాని పాట

కానీ ఆ పోలికలోనే తిరకాసుంది. అమెరికాలో ఉపగ్రహ రేడియో పెరిగింది ఇళ్లల్లో కాదు, కార్లలో. రోజూ గంటల తరబడి డ్రైవింగ్ చేసేవాడు నెలకు కొన్ని డాలర్లు కట్టడానికి వెనకాడడు. కదిలే కారులో వినాలంటే నగరంలో మేడల చాటున కూడా సిగ్నల్ అందాలి. అందుకోసం నేలమీద అక్కడక్కడా రిపీటర్లు పెడతారు. పైనుంచి వచ్చిన సిగ్నల్‌ను అందుకుని అవి మళ్లీ చుట్టుపక్కలకు పంపుతాయి.

మనదగ్గర ఆ రిపీటర్లకు అనుమతి రాలేదు. ఉపగ్రహ రేడియోపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే సిఫార్సులు చేసింది. విధానం మాత్రం ఖరారు కాలేదు. పోనీ ‘వద్దు’ అన్నా కంపెనీ ఇంకో దారి చూసుకునేది. ఔననకుండా, కాదనకుండా నాన్చారు. ఫలితం... ఆ రేడియో కిటికీని వదిలి కదల్లేదు. అదే సమయంలో ఎఫ్.ఎం. పాట సెల్‌ఫోన్‌లోకి, ఆటోలోకి, కారులోకి వచ్చేసింది. పైసా ఖర్చు లేకుండా!

అలాగని తప్పంతా ఢిల్లీ మీదకు తోసేస్తే అన్యాయమే. చందాదారుణ్ని పట్టడానికి కంపెనీ పెట్టిన ఖర్చుకూ, అతని దగ్గర్నుంచి ఏడాదికి రాబట్టే డబ్బుకూ పొంతన లేదు. సెట్టు చవగ్గా ఇవ్వాలి, ప్రకటనలు గుప్పించాలి, పైగా రెండు ఉపగ్రహాల నిర్వహణ. మరోపక్క ఐరోపాలో కార్ల రేడియో మొదలుపెట్టాలన్న ఆరాటం. 2004 చివర్లో బాండ్ల ద్వారా తెచ్చిన 15.5 కోట్ల డాలర్ల అప్పు 2008కి మెడకు చుట్టుకుంది. వాయిదా మీద వాయిదా అడిగారు. ఈలోగా లేమాన్ బ్రదర్స్ కుప్పకూలి, అప్పిచ్చేవాడే కరవయ్యాడు. 2008 అక్టోబరు 17న కంపెనీ అమెరికా కోర్టులో దివాలా పిటిషన్ వేసింది.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇక్కడే ఒక సందేహం రావాలి. వినేవాళ్లు ఇక్కడ. పాటలు ఎంపిక చేసేవాళ్లు, మాట్లాడేవాళ్లు, చందా వసూలుచేసేవాళ్లు ఇక్కడ. మరి పైకంపెనీ మునిగితే భారతీయ కంపెనీ సొంతంగా నడుపుకోవచ్చు కదా?

నడుపుకోలేదు. బెంగళూరులో తయారైన కార్యక్రమం మీ ఇంటికి రావాలంటే ఉపగ్రహం కావాలి, అది పైకంపెనీది. మీ సెట్టు తెరుచుకోవాలంటే సంకేతాల తాళంచెవి కావాలి, అదీ వాళ్లదే. ఎఫ్.ఎం. స్టేషన్ యజమాని మారితే టవర్ ఇక్కడే ఉంటుంది కాబట్టి ఇంకొకరు నడుపుతారు. ఇక్కడ టవరే అంతరిక్షంలో ఉంది! ఇక దివాలా బేరంలో విలువ కట్టేది మొదట ఉపగ్రహాలకూ, తరంగాల హక్కులకూ. కొనేవాడి కాగితం మీద భారతీయ శ్రోత ఆస్తి పద్దులో కాకుండా ఖర్చు పద్దులో పడ్డాడు. నష్టాల లెక్క చూస్తే అది తప్పని కూడా అనలేం. చేదుగా ఉండే నిజమే.

చందాదారుడి సంగతి మరీ దయనీయం. ఏడాది చందా ముందే కట్టినవారికి మిగిలిన నెలల డబ్బు ఎవరివ్వాలి? దివాలా చట్టంలో తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లది మొదటి వరుస. ముందుగా డబ్బు కట్టి పాట కోసం ఎదురుచూసేవాడు ఎక్కడో చివర. కొన్ని వందలో, వెయ్యో రూపాయల కోసం విదేశీ కోర్టు గడప ఎవరు తొక్కుతారు! కోపమంతా కాల్‌సెంటర్లో ఫోనెత్తినవాళ్ల మీద తీర్చుకున్నవాళ్లకు గుర్తురాని విషయం ఒకటుంది. అవతలివాళ్లదీ అదే ఓడ.

టీవీలోనూ ఇదే...

ఇలా నడిసంద్రంలో విడిచిపెట్టడం రేడియోకే పరిమితం కాదు. ఎన్డీటీవీ ఇమాజిన్ గుర్తుందా? 2008 జనవరిలో కొత్త రామాయణంతో అట్టహాసంగా మొదలైన హిందీ చానల్. రాఖీ సావంత్ స్వయంవరం వచ్చింది కూడా దాంట్లోనే. చానల్ మొదలైన నెలలోనే అమెరికా సంస్థ ఎన్బీసీ యూనివర్సల్, ఎన్డీటీవీ నెట్‌వర్క్స్‌లో 26 శాతం వాటా కొంటున్నట్లు ప్రకటించింది. రెండేళ్లు తిరగకుండానే పొత్తు బెడిసి ఆ సంస్థ తప్పుకుంది. 2009 చివర్లో మరో అమెరికా సంస్థ టర్నర్ 92 శాతం వాటాతో ఇమాజిన్‌ను చేతుల్లోకి తీసుకుంది. పేరులోంచి ఎన్డీటీవీ పోయింది. 2012 ఏప్రిల్లో, అనుకున్న రేటింగులు రావట్లేదంటూ మూసేస్తున్నట్లు ప్రకటించింది. నడుస్తున్న సీరియళ్లు కథ మధ్యలోనే ఆగాయి. నటీనటులకు ఇంకో సీరియల్ దొరుకుతుంది. సెట్లు వేసేవాళ్లకు, లైట్లు మోసేవాళ్లకు, రోజుకూలీ మీద బతికేవాళ్లకు అంత తేలిక కాదు.

రెండింటికీ ఒక తేడా ఉంది. సీరియల్ ఆగితే ఇంకో చానల్లో ఇంకో సీరియల్ ఉంటుంది. ‘శ్రుతి’ ఆగిననాడు రోజంతా కర్ణాటక సంగీతం వినిపించే చానల్ రేడియోలో మరొకటి లేదు. ఆకాశవాణి 24 గంటల శాస్త్రీయ సంగీత చానల్ ‘రాగం’ మొదలయ్యేసరికి 2016 జనవరి 26 వచ్చింది. అదీ బెంగళూరు నుంచే! ఈలోపు ఇంటర్నెట్టూ, స్మార్ట్‌ఫోనూ వచ్చి, కావలసిన కీర్తనను కావలసిన గొంతులో వెతుక్కునే రోజులొచ్చాయి. సమారా కూడా ఊరుకోలేదు. యాజ్మీ అన్న సంస్థతో, ఉపగ్రహం నుంచి నేరుగా టాబ్లెట్లకు పాఠాలు పంపే ప్రయత్నం మొదలుపెట్టాడు.

మరి ఆ రేడియోలు? ఎఫ్.ఎం. కూడా ఉన్న పాతరకం సెట్లు కొన్నాళ్లు అలా పనికొచ్చాయి. ఉపగ్రహం తప్ప వేరే దిక్కులేనివి అటక ఎక్కాయి, కొన్ని పాతసామాన్లవాడి తోపుడుబండి ఎక్కాయి. స్విచ్ వేస్తే దీపం వెలుగుతుంది. తెరమీద సిగ్నల్ కోసం వెతుకుతూనే ఉంటుంది.