ఒక్క అక్షరము – మానవ మస్తిష్కము

మానవుని మెదడు చింపాంజీ మెదడుకంటె సుమారు మూడు రెట్లు పెద్దది. ఈ వ్యత్యాసమునకు అంకురార్పణము గర్భమునందే జరుగును. పిండపు మెదడులో ద్రవము నిండిన గదుల గోడలను ఆనుకొని మూలకణములు బారులు తీరియుండును. వానినుండి పుట్టిన కొన్ని కణములు మీదికి జరిగి, అచ్చట మరల మరల విభజన చెందును. ఈ విభజనము లెంత సాగునో నాడీకణములును అంత పెరుగును.

ఈ విభజనమును ప్రోత్సహించు జన్యువులలో ‘ఆర్‌గ్యాప్ 11బి’ యనునది నేడు జీవించు ప్రాణులలో మానవునియందు మాత్రమే కలదు. చింపాంజీ శాఖ వేరుపడిన తరువాత, సుమారు 50 లక్షల ఏండ్ల క్రిందట, ఒక పాత జన్యువు అసంపూర్ణముగ నకలయ్యెను. వ్రాయసగాడు తాళపత్రమునకు ప్రతి తీయుచు నడుమ నిలిపినట్లు. పిమ్మట ఆ ప్రతిలో ‘సి’ యను అక్షరమున్నచోట ‘జి’ పడెను. ఆ ఒక్క తప్పువలన జన్యుసందేశమునుండి 55 అక్షరములు జారిపోయి, ప్రోటీను చివర 47 అమినో ఆమ్లముల క్రొత్త తోక ఏర్పడెను. చేవ్రాతలో దోషమైనది ఇచ్చట వరమైనది.

2015లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున వీలాండ్ హట్నర్ బృందము దీనిని చుండెలుక పిండములందు ప్రవేశపెట్టగా, ఆ కణములు వృద్ధిచెంది, సహజముగ నునుపైన మెదడున కొన్నిట ముడుతలు కానవచ్చెను. 2020లో జపాను శాస్త్రజ్ఞులతో కలిసి మార్మొసెట్ కోతి పిండములందు పరీక్షింపగా మెదడు పైపొర విస్తరించి ముడుతలు పడెను. ఆ పిండములను 101వ దినముననే వెలికి దీసిరి. పుట్టనిచ్చినచో వాని ప్రవర్తన ఎట్లుండునో ఊహింపరాదని వారు తలచిరి, మెచ్చదగిన సంయమము.

ఐనను ఒక్క జన్యువే మనిషిని చేసినదనుట పొరపాటు. అంతరించిన నియాండర్తల్, డెనిసోవన్ జాతులకును ఈ జన్యువు కలదు. వారికిని మనకును గల భేదమును వేరొకచోట వెదకవలసియున్నది.