పాత బండి లైటు: బల్బు మార్చే ముందు వైరు చూడండి



గూళ్ల మూట వెనక కట్టుకుని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఎండెక్కితే మూటలో గూళ్లు వేడెక్కి మెత్తబడతాయి, రేటు పోతుంది. అందుకే శిడ్లఘట్టకైనా, రామనగరానికైనా, ధర్మపురికైనా చీకట్లోనే దారి పట్టాలి. బండేమో నాయన కాలం నాటి బుల్లెట్టో, యెజ్డీయో. ఇంజను ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది. లైటు మాత్రం మిణుగురు పురుగే.

ఇదేం చిన్న సంగతి కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. లైటు 20 మీటర్లే చూపిస్తే, ఎదురుగా ఉన్నది కనపడ్డాక మన చేతిలో ఉండేది రెండు సెకన్లు కూడా కాదు. మన రోడ్ల మీద ఏముంటాయో మనకు తెలుసు: వెనక రేడియం లేని ఎద్దుల బండి, పడుకున్న ఆవులు, నూర్పిడికని పరిచిన రాగి కంకులు, ఉలవ కట్టె. మూట బరువుతో బ్రేకు కూడా ఆలస్యంగానే పడుతుంది.

లైటు చాలకపోతే మనం చేసే మొదటి పని ఎక్కువ వాట్ల బల్బు కొనడం. మేము చెప్పేది ఒక్కటే: అది ఆఖరి పని కావాలి. పాత బండిలో వెలుగు తగ్గేది ఎక్కువగా బల్బు వల్ల కాదు, బల్బు దాకా కరెంటు సరిగా రాకపోవడం వల్ల.

*వెలుగు ఎక్కడ పోతోంది?*

మైసూరులో తయారైన పాత యెజ్డీలకు 6 వోల్టుల డైనమో. 6 వోల్టుల మీద 35 వాట్ల బల్బు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. అదే బల్బు 12 వోల్టులదైతే 3 ఆంపియర్లతో సరిపోతుంది. ఆంపియర్లు ఎక్కువైతే పాత వైరులో, చిలుము పట్టిన స్విచ్చులో కరెంటు ఎక్కువ వృథా అవుతుంది. బల్బు సంగతి ఇంకా విచిత్రం: వోల్టు కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. 6 వోల్టుల బండిలో అర వోల్టు దారిలో పోతే నాలుగో వంతు వెలుగు పోయినట్టే. 12 వోల్టుల బండిలో ఒక వోల్టు పోయినా అంతే.

దీన్ని కనిపెట్టడానికి చిన్న మల్టీమీటరు చాలు. లైటు వేసి ముందు బ్యాటరీ రెండు చివర్ల దగ్గర వోల్టు చూడండి. తర్వాత బల్బు హోల్డరు దగ్గర చూడండి. రెంటికీ తేడా అర వోల్టు దాటితే తప్పు వైరుది, బల్బుది కాదు.

*ముందు చేయాల్సిన పనులు*

ఎర్తు: పాత బళ్లలో చాలావాటికి హెడ్‌లైటు ఎర్తు హ్యాండిలు బేరింగుల గుండా పోతుంది. గ్రీజు, తుప్పు మధ్యలో కరెంటు ఎంతని పోతుంది? హెడ్‌లైటు లోపలి నుంచి నేరుగా బ్యాటరీ ఎర్తు దాకా వేరే వైరు లాగండి. చాలా బళ్లకు ఈ ఒక్క పనితోనే తేడా కనిపిస్తుంది.

కనెక్షన్లు: ప్రతి జాయింటు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. షెడ్డుకు బ్లీచింగ్ కొట్టేటప్పుడు బండిని లోపల నిలపకండి. ఆ ఘాటుకు రాగి కనెక్షన్లు పచ్చబారతాయి.

రిఫ్లెక్టరు: మెకానిక్కులు డూము అంటారు. లోపలి వెండి పూత మాసిందని గుడ్డతో తుడవకండి, పూతే ఊడొస్తుంది. మాసిపోతే డూము మార్చడమే దారి.

రిలే: బ్యాటరీ మీద లైటు వెలిగే బండికి ఇది మంచి మందు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30 నంబరు కాలికి, 87 నుంచి బల్బుకు లావు వైరు. పాత స్విచ్చు వైరు 86కు, 85 ఎర్తుకు. అప్పుడు స్విచ్చు మీద బరువు పడదు, రిలేను కదిలించడమే దాని పని. డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి పెట్టాలి.

*ఇక బల్బు*

7 అంగుళాల డూము ఉన్న 12 వోల్టుల బుల్లెట్టుకు 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ బాగుంటుంది. పాత డూములో హెచ్4 కూర్చోకపోతే బల్బు కాళ్లు కోయకండి, హెచ్4 డూమే మార్చండి. కోసిన బల్బు పక్కకు జరిగి వెలుగు చెట్ల మీద పడుతుంది. హాలోజన్ గాజును చేత్తో ముట్టకండి, చేతి జిడ్డుకు పగులుతుంది.

బిగించాక లైటు వేసి, ఇంజను కొంచెం రేసు చేసి బ్యాటరీ వోల్టు చూడండి. 13 దాటితే ఛార్జింగు సరిపోతోంది. 12.5 దగ్గరే ఆగితే బ్యాటరీ కరిగిపోతోందని అర్థం, తక్కువ వాట్లకు రండి.

ఎల్ఈడీ తక్కువ కరెంటు తింటుంది, 6 వోల్టుల బండికి అది నిజంగా మేలు. అయితే డూము కట్టింది ఫిలమెంటు కోసం. ఎల్ఈడీ చిప్పు సరిగ్గా ఫిలమెంటు ఉండే చోటే లేకపోతే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. కొన్ని పాత బళ్లలో బ్యాటరీ ప్లస్సు చివర బాడీకి కలిపి ఉంటుంది, అది చూసుకోకుండా ఎల్ఈడీ పెడితే వెలగదు, కొన్నిసార్లు కాలిపోతుంది. ఆర్ఎక్స్ 100, పాత స్ప్లెండర్ లాంటి వాటిలో లైటు బ్యాటరీ మీద కాక కాయిలు నుంచి వచ్చే ఏసీ మీద నడుస్తుంది. వాటికి మామూలు ఎల్ఈడీ పెడితే స్లోలో మిణుకు మిణుకుమంటుంది. ఏసీకి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి.

డూము కొనేటప్పుడు ఇంకొకటి. మనం ఎడమ పక్క నడుపుతాం, కాబట్టి డిమ్ములో ఎడమ అంచు కొంచెం పైకి లేచేదే కావాలి. కుడి పక్క నడిపే దేశాల కోసం చేసిన డూము ఎదురొచ్చేవాడిని గుడ్డివాడిని చేస్తుంది.

*మూట కట్టి సెట్ చేయండి*

మన పనిలో అందరూ మరిచేది ఇదే. లైటును మెకానిక్కు ఖాళీ బండి మీద సెట్ చేస్తాడు. మనం వెనక మూట కట్టగానే బండి వెనక్కి కుంగుతుంది, లైటు ఆకాశం చూస్తుంది. రోడ్డు కనపడదు, ఎదురుగా వచ్చేవాడికి కళ్లు చెదురుతాయి.

అందుకని గూళ్లంత బరువు వెనక కట్టి, మీరు కూర్చుని, చదును నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలపండి. లైటు నడిమి ఎత్తు ఎంతో గోడ మీద గీత గీయించండి. డిమ్ము వెలుగు పై అంచు ఆ గీతకు రెండు అంగుళాలు కిందుండాలి. మార్కెట్టు నుంచి ఖాళీగా వచ్చేటప్పుడు వెలుగు కాస్త దగ్గరగా పడుతుంది, అప్పటికి తెల్లారిపోయి ఉంటుంది కదా.

పురుగులు చంద్రికల మీదికెక్కి గూడు కట్టుకునే రెండు మూడు రోజులు మనకు ఆకు కోసే పని ఉండదు. అందులో ఒక సాయంత్రం బండికివ్వండి. గూళ్లు విప్పే రోజుకు దారి కనపడుతుంది.