తాలీం నుంచి అకాడమీకి

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల్ని ఆటల కోసం ఇల్లు దాటించాలా? హుస్నాబాద్ లాంటి ఊళ్లలో అమ్మానాన్నలకు ఇది చిన్న ప్రశ్నేం కాదు!

అకాడమీ... పేరు ఇంగ్లిషుదే అయినా విషయం తెలంగాణకు కొత్త కాదు. కుస్తీ నేర్పే చోటును ఇక్కడి పెద్దలు ‘తాలీం’ అనేవారు. ఉర్దూలో ఆ మాటకు అర్థం చదువు, శిక్షణ. ఎదురుగా ఉస్తాద్ ఉండాలి, తోటివాళ్లతో తలపడాలి, రోజూ మట్టిలో దిగాలి. గ్రీకు దేశంలోనూ అంతే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్స్ శివార్లలో ఆలివ్ తోపు, వ్యాయామశాల ఉన్న చోట ప్లేటో పాఠాలు చెప్పాడు. ఆ చోటు పేరే అకాడమీ. పదిహేడేళ్ల వయసులో అక్కడికొచ్చిన అరిస్టాటిల్ ఇరవై ఏళ్లు ఉండిపోయాడు!

నాలుగో తరగతిలోనే...

2016లో హుస్నాబాద్ సిద్దిపేట జిల్లాలో కలిసినా కరీంనగర్ సుమారు 40 కిలోమీటర్లే. అక్కడ ప్రాంతీయ క్రీడా పాఠశాల ఉంది. ఆదిలాబాద్‌లోనూ అలాంటిదే ఉంది. హైదరాబాద్ దగ్గర హకీంపేటలోని క్రీడా పాఠశాల 1993లో మొదలైంది. వీటిలో ప్రవేశం నాలుగో తరగతిలో. మార్కులతో పని లేదు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, ఉన్నచోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు చూస్తారు. అప్పటికే ఏదో ఒక ఆట వచ్చి ఉండాలనేం లేదు. ముందు ఒంట్లో చురుకు, తర్వాతే ఆట. ఎంపికైతే చదువు, తిండి, బస, శిక్షణ అన్నీ ఒకేచోట, ప్రభుత్వ ఖర్చుతో!

గోడలు కాదు, గురువు!

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో ఓనమాలు దిద్దింది సొంత ఊళ్లోనే. 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ.వి.రావు దగ్గర చేరింది. రెండేళ్లు తిరక్కుండానే జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2022, 2023లో ఏకంగా ప్రపంచ ఛాంపియన్!

పుల్లెల గోపీచంద్‌దీ ఇలాంటి దారే. బెంగళూరులో ప్రకాశ్ పదుకొనె దగ్గర రాటుదేలి, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. ఆపైన సొంతిల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. అది 2008లో మొదలైంది. లండన్ ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం, రియోలో సింధు రజతం ఆ కోర్టుల్లో పడ్డ శ్రమ ఫలితాలే. ఒక గురువు నేర్చుకున్నది తర్వాతి తరానికి అందితేనే అది అకాడమీ.

చేర్చే ముందు...

బోర్డు మీద ‘అకాడమీ’ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. కోచ్ రోజూ వస్తాడా? ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలు? దెబ్బ తగిలితే చూసేదెవరు? ఆడపిల్లల హాస్టల్లో మహిళా వార్డెన్ ఉందా? అన్నిటికన్నా ముఖ్యం... ఆట ఆగిపోతే చదువు సాగుతుందా? ఒకసారి వెళ్లి కళ్లారా చూసి, అక్కడున్న పిల్లలతో మాట్లాడితే చాలావరకు తెలిసిపోతుంది. వెళ్లేది పిల్లలే కాబట్టి వాళ్ల ఇష్టమేంటో కూడా అడగాలి.

పతకం ఏ ఒకరిద్దరికో వస్తుంది. చదువు, ఆరోగ్యం, తెల్లారకముందే లేచే అలవాటు మాత్రం అందరికీ దక్కాలి. తాలీం అనే మాటకు అసలు అర్థం అదే కదా!