ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నా అప్పు ఎందుకు చేయాల్సి వస్తోంది?

జుమా నమాజ్ అయ్యాక మస్జిద్‌లో వినిపించే ప్రకటన మనందరికీ అలవాటే. ఫలానా పేటలో ఒక సోదరుడికి గుండె ఆపరేషన్, ఇంట్లో స్తోమత లేదు, తోచినంత ఇవ్వండి అంటారు. రాజమండ్రి అయినా, ఏలూరు అయినా, కాకినాడ అయినా ఇదే మాట. ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, అల్హమ్దులిల్లాహ్. కానీ పేదవాడికి ఉచితంగా ఆపరేషన్ చేయించే పథకం గోదావరి జిల్లాలకు వచ్చి పదిహేడేళ్ళు దాటిపోయింది. మరి ఈ ప్రకటనలు ఎందుకు ఆగలేదు?

కారణాలు రెండు. కార్డు ఉన్నా దాన్ని ఎలా వాడాలో తెలియకపోవడం ఒకటి. అసలు కార్డు ముట్టని ఖర్చులు ఉండడం రెండోది. వీటిని విడివిడిగా చూడాలి.

ముందు లెక్క అర్థం చేసుకుందాం

ఒక పేటలో వెయ్యి కుటుంబాలు ఉన్నాయనుకోండి. ఏడాదిలో ఇరవై ఇళ్ళలో పెద్ద జబ్బు వచ్చింది, ఒక్కో ఇంటికి లక్షన్నర ఖర్చు. మొత్తం 30 లక్షలు. ఎవరికి వాళ్ళు భరిస్తే ఆ ఇరవై ఇళ్ళూ అప్పుల్లో పడతాయి. నగలు తాకట్టుకు పోతాయి, ఆటో అమ్ముడుపోతుంది. అదే వెయ్యి ఇళ్ళూ కలిసి భరిస్తే ఇంటికి ఏడాదికి 3,000, అంటే నెలకు 250 రూపాయలు. ఆ ఇరవై ఇళ్ళు ఏవో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే అందరూ కలవాలి.

జబ్బు ఉన్నవాళ్ళే చేరి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తప్పుకుంటే ఈ లెక్క చెడిపోతుంది. రోజు కూలీ చేసేవాళ్ళ దగ్గర నెల నెలా వసూలు చేయడం కూడా కుదరదు. కాబట్టి ప్రభుత్వం పన్నుల డబ్బుతో అందరి తరఫునా కడుతుంది. సార్వత్రిక ఆరోగ్య రక్షణ అంటే క్లుప్తంగా ఇదే. థాయ్‌లాండ్ 2002లో ఇలాగే మొదలుపెట్టింది. అక్కడ ఒక్కసారి ఆసుపత్రికి వెళితే 30 బాట్‌ల రుసుము పెట్టారు, మిగతాది ప్రభుత్వమే కట్టింది.

మన దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గిన మాట నిజమే. కానీ వందలో 39 రూపాయలు ఇంకా మన జేబువే.

మన జిల్లాల్లో ఏం జరిగింది

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకు వచ్చింది. తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే పిలుస్తారు. బిల్లు వెయ్యి రూపాయలు దాటితే పథకం వర్తించాలన్న మార్పును 2020 జనవరి 3న ఏలూరులోనే ప్రారంభించి, ముందుగా పశ్చిమ గోదావరిలో అమలు చేశారు. 2023 డిసెంబర్‌లో పరిమితిని కుటుంబానికి 25 లక్షలకు పెంచారు. చికిత్సల జాబితా 3,257కి చేరింది.

2025 సెప్టెంబర్ 4న రాష్ట్ర మంత్రివర్గం ఇంకో అడుగు వేసింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు పేద కుటుంబాలకు ట్రస్టు భరించే కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. పేద, మధ్యతరగతి తేడా లేకుండా 1.63 కోట్ల కుటుంబాలను ఇందులోకి తేవాలన్నది ఉద్దేశం. కార్డు రాని చిన్న వ్యాపారికి, ప్రైవేటు టీచరుకు ఇది పెద్ద విషయమే.

అయితే కాగితం మీద హక్కు ఉంటే చాలదు. బకాయిలు చెల్లించాలంటూ 2025 అక్టోబర్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ సేవలు ఆపేశాయి. చర్చల తర్వాతే మళ్ళీ మొదలుపెట్టాయి. ప్రభుత్వం బిల్లు ఆలస్యం చేస్తే ఆసుపత్రి తలుపు మూస్తుంది, నష్టపోయేది రోగి. బీమా కంపెనీ వచ్చినా ఈ ప్రశ్న ఉంటుంది: డబ్బు సమయానికి అందుతుందా, లేదా?

కార్డు ముట్టని ఖర్చు

పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. ఆపరేషన్, మందులు, పరీక్షలు, రోగికి భోజనం ప్యాకేజీలోనే ఉంటాయి. కానీ షుగర్, బీపీ మందులు నెల నెలా కొనాలి. డాక్టర్ ఫీజు, స్కానింగ్, రోగితో వెళ్ళిన మనిషి పోగొట్టుకున్న కూలీ, అమలాపురం నుంచి కాకినాడకో రాజమండ్రికో తిరిగే ఛార్జీలు, ఇవన్నీ ఇంటి మీదే. చాలా ఇళ్ళలో ఈ చిన్న ఖర్చులే కలిసి పెద్ద అప్పు అవుతాయి. షుగర్ మందు మానేసిన మనిషే కొన్నాళ్ళకు కిడ్నీ సమస్యతో ఆసుపత్రిలో చేరేది.

దీనికి మందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ మాత్రలు ఉచితం. రాజమండ్రిలో, ఏలూరులో 2023 సెప్టెంబర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. కాలేజీ వస్తే స్పెషలిస్టులూ వస్తారు. సార్వత్రిక రక్షణ బీమా కార్డుతోనే రాదు, పనిచేసే ఓపీ కూడా కావాలి.

ఇంట్లో ఇప్పుడే చూసుకోవాల్సినవి

పేర్లు: మన ఇళ్ళలో పెద్ద చిక్కు ఇదే. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది, బియ్యం కార్డులో ఎస్‌కే అని పొట్టిగా ఉంటుంది. ఒకచోట బేగం ఉంటుంది, ఇంకోచోట బీ. ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఇది బయటపడితే ఆలస్యం అవుతుంది. సచివాలయంలో ముందే సరిచేయించుకోండి. కొత్త కోడలు, పుట్టిన బిడ్డ పేర్లు చేర్పించండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ ఈకేవైసీ సంగతి కూడా అడగండి.

వైద్యమిత్ర: నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టక ముందే వైద్యమిత్రను కలవండి. ఈ చికిత్స పథకంలో ఉందా, అనుమతి వచ్చిందా అని అడగండి. డబ్బు అడిగితే రసీదు తీసుకోండి, 104కు ఫోన్ చేయండి.

పెద్దవాళ్ళు: 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఆధార్‌తో నమోదు చేయించాలి.

ఉద్యోగులు: నెల జీతం 21,000 లోపు ఉండి షోరూంలోనో మిల్లులోనో పనిచేస్తుంటే, మీ సంస్థ ఈఎస్‌ఐ కిందికి వస్తుందా అని అడగండి. మీ వాటా జీతంలో 0.75 శాతమే. ఇందులో ఓపీ, మందులు కూడా వస్తాయి.

మస్జిద్ కమిటీలకు ఒక్క మనవి. సాయం ప్రకటించే ముందు ఆ కుటుంబాన్ని వైద్యమిత్ర దగ్గరికి తీసుకెళ్ళే ఒక చదువుకున్న కుర్రాడిని తోడు పంపండి. పథకం కట్టాల్సిన బిల్లును పథకమే కడితే, మన జకాత్, సదఖా సొమ్ము ఏ కార్డూ ముట్టని మందులకు, ఛార్జీలకు, పోయిన కూలీకి పనికొస్తుంది.