కుక్క పాదములకు పూయు లేపనము

మన పుదూరు సీమ నల్లరేగడి నేల. వేసవిలో ఆ నేల నెర్రెలు విచ్చును. తారురోడ్డు నిప్పువలె కాలును. రాజపాళయము, చిప్పిప్పారై అను వేటకుక్కల జాతులకు ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లే వచ్చినవి. రాజపాళయపు కుక్క బొమ్మతో తపాలాశాఖ 2005లో బిళ్లను గూడ వెలువరించినది. జాతికుక్కకైనను, ఊరకుక్కకైనను కాళ్లకు చెప్పులు లేవు గదా! దాని పాదములు పగులుట చూచి పిల్లలు జాలిపడి, ఇంటిలో చేతికందిన మందు పూయుచుందురు. ఆ జాలి మెచ్చదగినదే. దానికి తెలివి తోడు కావలెను.

ముఖ్యముగ నెరుగవలసినది ఒక్కటే: కుక్క తన పాదమును నాకును, కావున పాదమునకు పూసినది కడుపులోనికి పోవును. తలనొప్పికి, కీళ్లనొప్పులకు మనము వాడు బామ్‌లలో సాధారణముగ కర్పూరము, మిథైల్ సాలిసిలేట్ వంటివి యుండును. కర్పూరము వలన కుక్కకు వణుకు, మూర్ఛ రావచ్చును. రెండవదాని వలన వాంతులు, కడుపులో పుండ్లు కలుగవచ్చును. జింక్ ఆక్సైడు గల లేపనములు, కిరోసిన్, వాడిన యంత్రపు నూనె గూడ పూయరాదు.

మరి యేది పూయవచ్చును? శుద్ధమైన తేనెమైనము ఒక పాలు, కొబ్బరినూనె మూడు పాళ్లు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీటిలో నుంచి పెద్దలే కరిగించి, బాగుగ చల్లార్చవలెను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరగును గనుక మన యెండలకు ఒంటిగా నిలువదు. మైనము 60 డిగ్రీలు దాటినగాని కరగదు. అది నూనెను పట్టియుంచును.

రాత్రివేళ పాదములు కడిగి, వేళ్ల సందులు తుడిచి, ముల్లు కలదేమో చూచి, అరికాలి మెత్తలకు మాత్రము పలుచగా పూయవలెను. పది నిమిషములు నాకనీయరాదు. అతిగా పూసినచో మెత్తలు నాని త్వరగా తెగును. నెత్తురు, చీము, బొబ్బ, కుంటుట యున్నచో లేపనము మాని పశువైద్యునికి చూపవలెను.

లేపనము చెప్పు కాదు. చేతి వెనుకభాగమును రోడ్డుపై నుంచి ఏడు లెక్కపెట్టునంతలో వేడి ఓర్వలేకున్నచో, కుక్కను ఆ దారిని నడిపింపరాదు.

తల్లిదండ్రులకు మరియొక మనవి. నొప్పిగల కాలు ముట్టినచో సాధువైన కుక్కయు కరచును. రేబిస్ టీకా వేయించిన ఇంటికుక్కకే, పెద్దల యెదుటనే పిల్లలు లేపనము పూయవలెను. కుక్క కరచినను, గీరినను ఆ చోటును సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు.

పిల్లవాడు బామ్ డబ్బీ పట్టుకొని కుక్కకడకు పోవుట చూచినప్పుడు కసరి పంపక, ప్రక్కన కూర్చుండి పూయదగినదేదో చూపుడని కోరుచున్నాము.