డ్రైవర్ కోసం ఎవరి గుమ్మం తొక్కాలి?

నాలుగైదేళ్ల కిందట కొన్న లాప్‌టాప్ మోడల్ పేరును దాన్ని అమ్మిన కంపెనీ సైట్లో వెతికితే, గ్రాఫిక్స్ డ్రైవర్ పక్కన చాలాసార్లు కనిపించేది ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో పెట్టిన తేదీ. లోపలున్న గ్రాఫిక్స్ చిప్పును చేసింది మాత్రం ఆ కంపెనీ కాదు. సాధారణంగా అది ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీలలో ఒకరిది అయివుంటుంది. వాళ్ల సైట్‌కు వెళ్తే అదే చిప్పుకు ఎంతో కొత్త డ్రైవర్ ఉచితంగా దొరుకుతుంది. ఒకే చిప్పుకు రెండు చోట్ల రెండు తేదీలు ఎందుకున్నాయో మామూలు జనానికి ఎవరూ చెప్పరు. లాప్‌టాప్ కంపెనీ సైట్లో ఉన్నదే వేసుకోవాలన్నది అందరూ ఇచ్చే సలహా. కొత్త లాప్‌టాప్‌కు ఆ సలహా సరిపోతుంది, పాతదానికి సరిపోదు. వారంటీ దాటిన లాప్‌టాప్‌కు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను చిప్పు చేసినవాళ్ల దగ్గరే నేరుగా తెచ్చుకోవడం ఇవాళ సాధ్యం, చాలా సందర్భాల్లో అవసరం. పద్ధతి తెలిసి చేస్తే అందులో పెద్దగా భయపడాల్సిందేమీ లేదు.

డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ చిప్పుకూ మధ్య నిలబడే దుబాసీ. తెర మీద కదిలే ప్రతి బొమ్మా దాని చేతుల మీదుగానే వెళ్తుంది కాబట్టి, అందులో తప్పుంటే ఆటలాడేవాళ్లకే కాదు, బ్రౌజర్ తప్ప ఇంకేదీ తెరవనివాళ్లకూ ఇబ్బందే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు లోపాలున్నట్టు తేలిన పాత డ్రైవర్ల జాబితాలు దగ్గర పెట్టుకుంటాయి. అలాంటి డ్రైవర్ కనబడితే, ఏ పనిలో లోపముందో ఆ పనికి గ్రాఫిక్స్ చిప్పును వాడుకోవడం మానేసి ఆ భారాన్ని ప్రాసెసర్ మీద వేస్తాయి. వీడియో ఆగి ఆగి నడవడానికీ, ఫ్యాన్ హోరెత్తడానికీ ఇదొక కారణం. తెర ఉన్నట్టుండి నల్లబడి మళ్లీ రావడం చాలామంది చూసే ఉంటారు. చిప్పు 2 సెకన్లలో బదులివ్వకపోతే డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు విస్టా కాలం నుంచీ విండోస్‌లో ఉంది. ఆ విస్టాకు సంబంధించిన అమెరికా కోర్టు కేసులో 2008లో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ కాగితాల ప్రకారం, 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతం ఎన్విడియా డ్రైవర్ల ఖాతాలోవే. భద్రత సంగతి సరేసరి. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కొంత భాగం విండోస్ కెర్నెల్‌లో, అంటే అత్యధిక అధికారాలున్న చోట నడుస్తుంది. అందుకే మూడు చిప్పు కంపెనీలూ ఎప్పటికప్పుడు భద్రతా లోపాలను ప్రకటించి, వాటిని సరిచేసిన డ్రైవర్లను విడుదల చేస్తుంటాయి. ఆ సవరణలు లాప్‌టాప్ కంపెనీ సైట్‌దాకా రాకపోతే మీ దాకా వచ్చే దారి మీరు వెతుక్కున్నదే.

మరి లాప్‌టాప్ కంపెనీ మధ్యలో ఎందుకొచ్చింది? డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు విడి వస్తువు. లాప్‌టాప్‌లో చిప్పు, తెర, బ్యాటరీ, వేడిని బయటికి పంపే గొట్టాలు అన్నీ ఒకదానికొకటి కుదిర్చి చేసినవి. 2010లో ఎన్విడియా తెచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో తెరకు వెళ్లే తీగ ప్రాసెసర్‌లోని ఇంటెల్ చిప్పుకే ఉంటుంది. ఎన్విడియా చిప్పు తాను గీసిన బొమ్మను ఇంటెల్ చిప్పు ద్వారా తెర మీదికి పంపుతుంది. ఇంటెల్, ఏఎండీ చిప్పులు రెండూ కలిసివున్న ఆ రోజుల లాప్‌టాప్‌లలో కొన్నిటికి రెండు డ్రైవర్లనూ కలిపి కట్టిన ప్యాకేజీ కంపెనీయే ఇచ్చేది. ఒకటి మారిస్తే రెండోది పనిచేయకుండా పోయేది. ఈ బంధం ఎక్కడ రాసి ఉంటుందో మీరే చూడొచ్చు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కిందికి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే ఒక పొడుగాటి వరస కనిపిస్తుంది. మొదటి సంఖ్య చిప్పు చేసినవాళ్లది: 8086 అంటే ఇంటెల్, 1002 అంటే ఏఎండీ. రెండోది చిప్పు మోడల్. ఆ తర్వాత వచ్చే ఎనిమిది అక్షరాల్లో చివరి నాలుగూ సాధారణంగా లాప్‌టాప్ కంపెనీవి: 1028 ఉంటే డెల్. డ్రైవర్ ప్యాకేజీలోని ఐఎన్‌ఎఫ్ ఫైలులో ఈ వరస గానీ, దాని పొట్టి రూపం గానీ ఉంటేనే విండోస్ దాన్ని ఆ చిప్పుకు తగినదిగా ఒప్పుకుంటుంది. చాలాకాలం తాళం వేసి ఉంచింది ఈ చిన్న ఫైలే.

ఆ తాళం యంత్రానికి అత్యవసరమై పుట్టింది కాదని దాన్ని తీసిన తీరే చెబుతోంది. తొలిరోజుల్లో ఓపికున్నవాళ్లు ఐఎన్‌ఎఫ్ ఫైలు తెరిచి తమ చిప్పు వరసను తామే చేర్చుకునేవారు. అదే డ్రైవర్, అదే చిప్పు, ఒక్క వరస చేర్చగానే చాలా లాప్‌టాప్‌లలో పనిచేసేది. ఎన్విడియా 2008 చివరి నుంచి లాప్‌టాప్ చిప్పులకు సొంతంగా డ్రైవర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటెల్ ఇంకా ఆలస్యం చేసింది. దాని ఇన్‌స్టాలర్ చాలా లాప్‌టాప్‌లలో ఈ కంప్యూటర్‌కు డ్రైవర్‌ను తయారీదారు దగ్గర తీసుకోండి అని చెప్పి ఆగిపోయేది. 2020 ఏప్రిల్‌లో ఆ అడ్డు తీసేసి, ఆరో తరం ప్రాసెసర్ల నుంచి ఎవరైనా తన సాధారణ డ్రైవర్ వేసుకోవచ్చని ప్రకటించింది. అది సాధ్యం కావడానికి మైక్రోసాఫ్ట్ విండోస్ 10 కాలంలో తెచ్చిన డీసీహెచ్ అనే నిర్మాణం తోడ్పడింది. ఇందులో అసలు డ్రైవర్ ఒక ముక్క, లాప్‌టాప్ కంపెనీ చేసుకున్న మార్పులు ఇంకో ముక్క, సెట్టింగుల యాప్ మరో ముక్క. అసలు డ్రైవర్‌ను మార్చినా కంపెనీ మార్పులు వాటి చోట అవి ఉండగలవు. విడదీయరానివని ఇన్నేళ్లూ చెప్పిన భాగాలను తయారీదారులే విడదీశారన్నమాట.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. లాప్‌టాప్ కంపెనీ తన మోడల్ మీద పరీక్షించి ఇస్తుంది, చిప్పు కంపెనీ అన్ని మోడళ్ల మీదా పరీక్షించలేదు కదా? నిజమే. తెర వెలుతురు మార్చే మీటలు, రంగుల అమరిక, బ్యాటరీ పొదుపు వంటివి కొన్ని మోడళ్లలో కంపెనీ మార్పుల మీదే ఆధారపడతాయి. అందుకే లాప్‌టాప్ కొత్తగా ఉన్నన్నాళ్లూ, కంపెనీ కొత్త డ్రైవర్లు ఇస్తున్నన్నాళ్లూ దాని మాట వినడమే మంచిది. అయితే పరీక్ష అనేది జరిగిన రోజుకు మాత్రమే పూచీ. అప్పటి విండోస్ మీద, అప్పటి బ్రౌజర్లతో చేసిన పరీక్ష ఇప్పటి విండోస్ 11కు వర్తించదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌కు మారిన పాత లాప్‌టాప్‌లలో కొన్నిటికి కంపెనీ సైట్లో విండోస్ 11 డ్రైవర్ అసలు ఉండదు. పరీక్షించినది లేనప్పుడు, పరీక్షించినదే వాడమనే సలహాకు అర్థం లేదు.

రెండో అభ్యంతరం అందరి నోటా వినేదే: బాగా నడుస్తున్నదాన్ని కెలకడం దేనికి? ఇందులో సగం నిజముంది. చిప్పు కంపెనీల డ్రైవర్లూ తప్పులు లేనివేం కావు. 2010 మార్చిలో ఎన్విడియా విడుదల చేసిన 196.75 డ్రైవర్ వల్ల కొన్ని కార్డుల ఫ్యాన్లు సరిగా తిరగక వేడెక్కుతున్నాయని ఫిర్యాదులొస్తే, కంపెనీ దాన్ని వెంటనే వెనక్కి తీసుకుంది. కాబట్టి వచ్చిన ప్రతి డ్రైవర్‌నూ వచ్చిన రోజే వేసుకోవడం తెలివైన పని కాదు. రెండు మూడు వారాలు ఆగి, విడుదల నోట్స్‌లో మీకు పనికొచ్చే సవరణ ఉందో లేదో చూసి వేసుకుంటే చాలు. కానీ అసలు ముట్టుకోకపోవడం కూడా క్షేమం కాదు. బయటపడిన భద్రతా లోపం మీ యంత్రం బాగానే నడుస్తున్నా అందులో ఉంటుంది, పైగా అది ఇప్పుడు నలుగురికీ తెలిసిన లోపం. ఏడాదికి ఒకటి రెండుసార్లు మార్చుకోవడం సగటు మనిషికి సరైన మధ్యేమార్గం.

మార్చే పద్ధతిలోనే క్షేమమంతా ఉంది. ముందుగా లాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్‌ను దించి పక్కన దాచుకోవాలి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి. సిస్టమ్ రిస్టోర్ పాయింట్ పెట్టుకుని, డివైస్ మేనేజర్‌లో చిప్పు పేరు సరిగా చూసి, చిప్పు కంపెనీ సొంత సైట్ నుంచే ప్యాకేజీ తీసుకోవాలి. ఎన్విడియా సైట్లో నోట్‌బుక్స్ అని ఉన్న వరసనే ఎంచుకోవాలి. రెండు చిప్పులున్న లాప్‌టాప్‌లో ఒకటి వేసి, రీస్టార్ట్ చేసి, ఒక రోజు వాడి చూశాక రెండోది వేస్తే, చిక్కు వచ్చినా ఎవరి వల్ల వచ్చిందో తెలుస్తుంది. ఆ తర్వాత స్లీప్‌లోకి పంపి లేపడం, వెలుతురు మీటలు, హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలపడం, ఈ మూడూ పరీక్షించాలి. తేడా ఉంటే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే పాతది తిరిగొస్తుంది. కొన్నిసార్లు విండోస్ అప్‌డేట్ తనంతట తానే పాత కంపెనీ డ్రైవర్‌ను మళ్లీ తెచ్చిపెడుతుంది కాబట్టి, వారం తర్వాత వెర్షన్ నంబరు ఇంకోసారి చూసుకోవాలి.

కంపెనీ మీద ఆధారపడకపోవడం అంటే ఎవరిని పడితే వాళ్లను నమ్మడం కాదు. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో కొత్తవి చేస్తామనే ప్రకటనల యాప్‌ల జోలికి పోవద్దు. కెర్నెల్‌లో నడిచే ప్రోగ్రామును ముక్కూమొహం తెలియనివాళ్ల చేతుల మీదుగా తీసుకోవాల్సిన అగత్యం ఇప్పుడు లేదు. ఐఎన్‌ఎఫ్ మార్చిన డ్రైవర్లదీ అదే సంగతి. ఆ ఫైల్లో ఒక్క అక్షరం మారినా ప్యాకేజీ మీది డిజిటల్ సంతకం చెల్లదు. దాన్ని వేసుకోవాలంటే 64 బిట్ విండోస్‌లోని సంతకం తనిఖీని ఆపాలి, అంటే కాపలా తీసేయాలి. బయాస్ అప్‌డేట్లు మాత్రం లాప్‌టాప్ కంపెనీవే వాడాలి. మదర్‌బోర్డు వాళ్లది, ఇంకెవరూ ఇవ్వలేరు. చిప్పు కంపెనీల ఓపికకూ హద్దుంది. 2022లో ఇంటెల్ ఆరు నుంచి పదో తరం దాకా ఉన్న గ్రాఫిక్స్‌కు కొత్త సౌకర్యాలు ఆపి, ముఖ్యమైన సవరణలకే పరిమితమైంది. ఇంకా పాత యంత్రాలున్నవాళ్లకు లైనక్స్ ఒక గట్టి ఆసరా. ఇంటెల్, ఏఎండీ చిప్పుల డ్రైవర్లు అక్కడ కెర్నెల్‌లోనూ, 1993లో మొదలైన మెసా ప్రాజెక్టులోనూ అందరికీ తెరిచి ఉన్నాయి కాబట్టి, కంపెనీ చేతులెత్తేసిన చిప్పులకూ సవరణలు అందుతుంటాయి.

ఇది తీరిక ఉన్నవాళ్ల ముచ్చట కాదు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఆఫీసుల నుంచి వచ్చిన పాత లాప్‌టాప్ కొనుక్కునే విద్యార్థికి ఆ యంత్రం ఇంకో మూడేళ్లు నడవడం ముఖ్యం. కొనేముందు ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని అడిగినట్టే, లోపలి చిప్పు ఏది, దానికి చిప్పు కంపెనీ ఇంకా డ్రైవర్లు ఇస్తోందా అని ఫోన్లో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఐరోపా సమాఖ్య 2025 జూన్ నుంచి కొత్తగా వచ్చే ఫోన్లు, టాబ్లెట్లకు, అమ్మకం ఆపాక కూడా కనీసం ఐదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు ఇవ్వాలని నియమం పెట్టింది. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మరమ్మతు హక్కు అంటే స్క్రూలు, విడిభాగాలే కాదు, డ్రైవర్లు కూడా అందులో భాగమే కావాలి. ఏ తేదీ దాకా డ్రైవర్లు ఇస్తారో లాప్‌టాప్ పెట్టె మీద ముద్రించాలని కొనేవాళ్లు గట్టిగా అడగాలి. అది జరిగేదాకా, కంపెనీ వదిలేసిన యంత్రాన్ని చిప్పు కంపెనీ డ్రైవర్‌తో నడుపుకోవడం డబ్బు పెట్టి కొన్నవాళ్ల హక్కు. ఆ పని నేర్చుకోవడానికి ఒక సాయంత్రం సరిపోతుంది.