యాస్ ద్వీపంలో ఒక్క రోజు: నాలుగు ద్వారాల్లో ఏది?

గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవారిలో అనేకులకు భార్యాబిడ్డలతో కలిసి గడిపే నెల రోజులు రెండేళ్ళకోసారి దక్కితే గొప్ప. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని నివాస వీసాపై పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హమ్‌ల జీతమో, లేదా 3,000 దిర్హమ్‌లతోపాటు వసతి సౌకర్యమో ఉండాలి. ఆ మెట్టుకు కొంచెం దిగువన నిలిచిపోయిన డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, దుకాణాల్లో పనిచేసేవారు ఎలాగో డబ్బు కూడబెట్టి తమవారిని విజిట్ వీసాపై రప్పించుకుంటారు. నెల రోజుల వీసా; వారానికొక్క సెలవు. అందులో ఒకటి బంధువుల ఇళ్ళకు పోతుంది, ఒకటి షేక్ జాయెద్ గ్రాండ్ మసీదు దర్శనానికి, ఒకటి ఊరికి పట్టుకువెళ్ళే సామాను కొనడానికి. మిగిలిన ఒక్క రోజును పిల్లలు ముందుగానే రాసిపెట్టుకుని విమానం దిగుతారు: యాస్ ద్వీపం!

అబుదాబి విమానాశ్రయానికి చేరువలో ఉన్న ఈ ద్వీపం విస్తీర్ణం సుమారు పాతిక చదరపు కిలోమీటర్లు. రెండు దశాబ్దాల క్రితం ఇక్కడ చెప్పుకోదగినదేమీ లేదు. 2009లో కార్ల పందేల మైదానం వచ్చింది. 2010లో ఫెరారీ వరల్డ్, 2013లో యాస్ వాటర్‌వరల్డ్, 2018లో వార్నర్ బ్రదర్స్ వరల్డ్, 2023లో సీవరల్డ్ తలుపులు తెరిచాయి. డిస్నీ పార్కు కూడా రాబోతున్నదని 2025 మే నెలలో ప్రకటించారు కనుక పిల్లలు దానిని గురించి అడుగుతారు. అది ప్రస్తుతానికి ప్రకటన మాత్రమేనని వారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఒక్కో పార్కు ఒకనాటి టికెట్టు పెద్దలకు 300 దిర్హమ్‌లు, తరచుగా అంతకు పైమాటే. తల్లి, తండ్రి, దాదీమా, ఇద్దరు పిల్లలు వెళ్ళాలంటే ఆ మొత్తం కొందరి నెల జీతాన్ని తాకుతుంది. కనుక ఎంపిక విషయంలో ఆలోచన అవసరం. చాలామంది “అన్నింటికంటే పెద్దది ఏది? పేరున్నది ఏది?” అని విచారిస్తారు. నా ఉద్దేశంలో అడగవలసిన ప్రశ్న వేరు. లోపలికి వెళ్ళిన తరువాత మనం అయిదుగురమూ ఒకేచోట ఎన్ని గంటలు ఉండగలం? రెండేళ్ళ ఎడబాటు తరువాత దొరికిన రోజును క్యూ లైన్లలో ముక్కలు చేసుకునేందుకు కాదు కదా ఇంత ఖర్చు.

ఈ గీటురాయిపై మొదట తేలిపోయేది ఫెరారీ వరల్డే. ఎర్రని మహా పైకప్పు కింద ఉన్న ఆ పార్కుకు ప్రఖ్యాతి తెచ్చినది ఫార్ములా రోసా అనే రోలర్ కోస్టర్. అయిదు సెకన్లలోపే గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ఎక్కేవారికి కళ్ళద్దాలిచ్చి కూర్చోబెడతారు. పార్కు ప్రారంభమైన నాటికి ప్రపంచంలో దానిని మించిన వేగం గల కోస్టర్ లేదు. అయితే ఇటువంటి సవారీలన్నింటికీ కనీస ఎత్తు నిబంధన ఉంటుంది. పదేళ్ళ పిల్లవాడు సైతం కొలత కర్ర దగ్గర ఆగిపోవచ్చు. రక్తపోటు, గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవారికీ, గర్భవతులకూ ప్రవేశం లేదు. దుపట్టా, స్కార్ఫ్ వంటివి వదులుగా వేలాడకుండా సర్దుకోవలసి ఉంటుంది. ఇక లెక్క వేయండి: పెద్దవాడు, తండ్రి క్యూలో నిలబడతారు; తల్లి చిన్నదాన్ని ఎత్తుకుని, దాదీమా సంచులు ఒళ్ళో పెట్టుకుని బయట బల్లమీద కూర్చుంటారు. ఒక నిమిషన్నర సవారీకి గంట నిరీక్షణ. చిన్నపిల్లలు నడిపే బుల్లి కార్ల వంటివి అక్కడ లేకపోలేదు గాని, ఆ పార్కు ప్రాణమంతా వేగంలోనే ఉన్నది. పదిహేను దాటిన మగపిల్లలిద్దరూ తండ్రీ మాత్రమే అయితే నేను నిస్సందేహంగా దానినే సూచిస్తాను. పసివాళ్ళూ వృద్ధులూ ఉన్న ఇంటికి మాత్రం కాదు.

వార్నర్ బ్రదర్స్ వరల్డ్ సంగతి ఇందుకు భిన్నం. మొత్తం పార్కు కప్పు కింద, చల్లని గాలిలో ఉంటుంది. జూలైలో వేసవి సెలవులకు వచ్చే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. బయట ఉష్ణోగ్రత నలభై డిగ్రీలను సునాయాసంగా దాటుతుంది. లోపల ఆరు వీధుల్లాంటి విభాగాలున్నాయి. టామ్ అండ్ జెర్రీ, బగ్స్ బన్నీ ఉండే కార్టూన్ జంక్షన్, రాతియుగపు ఫ్లింట్‌స్టోన్స్ కుటుంబపు బెడ్‌రాక్ చిన్నపిల్లలకూ, వారి వెంట ఉన్న పెద్దలకూ హాయిగా సరిపోతాయి. నాలుగేళ్ళ పిల్ల, అరవై ఏళ్ళ నాయనమ్మ పక్కపక్కన కూర్చుని ఒకే బండిలో సాగిపోయే సవారీలు ఇక్కడ దొరుకుతాయి. బ్యాట్‌మన్ నగరమైన గోథమ్ సిటీలో మాత్రం చీకటి గొందులు, వికృత వేషాల విదూషకులు. రాత్రి నిద్రలో ఉలిక్కిపడే పిల్లలుంటే ఆ వీధిని దాటవేయడమే మేలు. ఈ బొమ్మలన్నీ పరాయి దేశపు టీవీ బొమ్మలే కదా, మన పిల్లలకు వాటివల్ల ఒరిగేదేమిటని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాని ఆ బొమ్మలు మన ఇళ్ళలోకి ఏనాడో వచ్చేశాయి. తండ్రి లేనప్పుడు చూసినవాటిని తండ్రితో కలిసి చూడటం వేరు.

ఆ అభ్యంతరం మనసులో గట్టిగా ఉన్నవారికి సీవరల్డ్ ఉంది. నా ఓటు దానికే. ఇదీ కప్పు కింద, అయిదు అంతస్తుల్లో, ఎనిమిది విభాగాలుగా ఉంటుంది. మధ్యనున్న మహా జలాశయంలో నీరు రెండున్నర కోట్ల లీటర్లు. జలచరాలను చూడటానికి ఎత్తు కొలతలతో పనిలేదు. అద్దం ముందు నిలబడితే చాలు, అయిదుగురూ ఒకే దృశ్యాన్ని చూస్తారు. పెంగ్విన్లను దాటుకుని అల్లాహ్ సృష్టి వైవిధ్యాన్ని గురించి పిల్లలతో మాట్లాడటానికి ఇంతకంటే అనువైన చోటు ఆ ద్వీపంలో మరొకటి లేదు.

జంతువులను బంధించి చూపడం సమంజసమేనా అన్న ప్రశ్న ఇక్కడ తప్పక ఎదురవుతుంది. పిల్లిని కట్టివేసి ఆకలికి వదిలేసిన స్త్రీ ఉదంతాన్ని మదరసాలో విన్న పిల్లలు దానిని అడిగితే కసరుకోకండి. అమెరికాలోని సీవరల్డ్‌లకు భిన్నంగా ఇక్కడ ఓర్కా తిమింగలాలను ఉంచలేదు. గాయపడిన సముద్రజీవులకు చికిత్స చేసే కేంద్రం కూడా అనుబంధంగా ఉంది. డాల్ఫిన్లు మాత్రం ఉన్నాయి. పెద్దలు కూడా దీనిపై ఏకాభిప్రాయంతో లేరని పిల్లలకు నిజం చెప్పవచ్చు. అబుదాబి పరిసర సముద్రంలో సుమారు మూడు వేల డ్యూగాంగులు, అంటే సముద్రపు ఆవులు, స్వేచ్ఛగా గడ్డి మేస్తున్నాయని, ఆస్ట్రేలియా తరువాత అంత పెద్ద మంద ఇక్కడే ఉన్నదని కూడా చెప్పండి.

అబుదాబి సముద్రానికి కేటాయించిన విభాగం వద్ద తండ్రులు కాసేపు ఆగి ఒక కథ చెప్పవలసి ఉంది. చమురుకు ముందు ఈ తీరం ముత్యాలమీద బతికింది. ఏటా వేసవిలో దాదాపు నాలుగు నెలలపాటు మగవారు పడవలెక్కి వెళ్ళిపోయేవారు. ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని ఒకడు మునిగితే, పైనున్న మనిషి తాడు పట్టుకుని అతని ప్రాణానికి కాపలా ఉండేవాడు. బయలుదేరేముందు ఇంటి ఖర్చులకు పడవ యజమాని దగ్గర తీసుకున్న ముందస్తు సొమ్ము అప్పుగా మారి ఏళ్ళ తరబడి వెంటాడేది. ఒడ్డున భార్యాబిడ్డలు ఎదురుచూసేవారు. ఆ బస్రా ముత్యాలే హైదరాబాద్ పత్తర్‌గట్టి దుకాణాలకు చేరేవి. జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి 1930లలో ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1962లో అబుదాబి నుండి తొలిసారి చమురు ఓడకెక్కింది. ఏజెంటుకు అప్పుపడి జగిత్యాల నుండో రాయచోటి నుండో వచ్చిన తండ్రి ఈ కథను తన పిల్లలకు వివరించడానికి ఎక్కువ మాటలు వెతుక్కోనవసరం లేదు.

వాటర్‌వరల్డ్ కూడా ముత్యాల గాథనే ఆధారం చేసుకుంది: పోయిన ముత్యాన్ని వెతుకుతూ వెళ్ళిన దానా అనే ఎమిరాతీ బాలిక కథ. నీళ్ళంటే పిల్లలకు ప్రాణం కనుక వారు దీనికే పట్టుపడతారు. అయితే నూలు సల్వార్ కమీజుతో నీళ్ళ జారుబండలు ఎక్కనివ్వరు. ఈత వస్త్రమే ఉండాలి. బుర్కినీకి అభ్యంతరం లేదు. ఊరినుండి వచ్చేటప్పుడే తెచ్చుకోకపోతే తల్లి ఒడ్డునే కూర్చోవలసి వస్తుంది. స్త్రీపురుషులు కలిసి స్నానమాడే వాతావరణం కొన్ని కుటుంబాలకు రుచించదు. కొన్ని సీజన్లలో స్త్రీలకే ప్రత్యేకించిన వేళలు ప్రకటిస్తుంటారు, విచారించుకోండి.

ఒకే రోజు రెండు పార్కులు చూపించే టికెట్టు చవకగా కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. రెండింటి మధ్య పరుగులు పెట్టి ఏదీ చూడకుండా తిరిగివస్తారు. పార్కుల్లో నమాజు గదులు ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే అవి ఎక్కడున్నవో అడిగి తెలుసుకుని, జుహర్, అసర్ వేళలను ఆధారం చేసుకుని రోజును విభజించుకుంటే పిల్లలకూ విశ్రాంతి దొరుకుతుంది. బయటి భోజనం సాధారణంగా అనుమతించరు, పసిపిల్లల ఆహారం తప్ప. ఉదయం కడుపునిండా తిని వెళ్ళడం ఖర్చును తగ్గిస్తుంది. ద్వీపంలో తిరగడానికి ఉచిత బస్సులున్నాయి. రమజాన్‌లో వేళలు మారుతాయి.

టికెట్టు కొనలేనివారు పిల్లల ముందు తలదించుకోవలసిన పని లేదు. అప్పు చేసి మాత్రం కొనవద్దు. యాస్ బే సముద్రపు ఒడ్డున నడవడానికి రుసుము లేదు, మగ్రిబ్ తరువాత అక్కడ గాలి బాగుంటుంది. ఎనభై రెండు గుమ్మటాల షేక్ జాయెద్ మసీదులోనూ ప్రవేశం ఉచితమే.

కొనగలిగినవారు ఒక పని చేయండి. బుక్ చేసే ముందు, ఇంటివద్ద పిల్లలను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచి పంపమని భార్యకు వాట్సాప్ చేయండి. మీకు గుర్తున్న కొలత రెండేళ్ళ క్రితంది.